నీటిని తాగే పడవ, నీటిని తాకనివ్వని పడవ

చిన్న తెరచాప పడవను ఇంటి దగ్గరే చెక్కతో చేసుకోవాలని పూనుకున్న మనిషిని ముందుగా తికమక పెట్టేవి అనుభవజ్ఞుల సలహాలే. పడవను దించడానికి రెండు మూడు రోజుల ముందే దాని లోపల నీళ్లు పోసి నానబెట్టాలని ఒకరు చెబుతారు. చెక్కకు ఒక్క చుక్క నీరైనా తగలకూడదని అంతే అనుభవం ఉన్న మరొకరు చెబుతారు. ఒకరు అవిసె నూనె పట్టించమంటారు, ఇంకొకరు రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ అనే జిగురు పూయమంటారు. పలకల సందులను మెత్తగా వదలమని ఒకరంటే, రాయిలా బిగించమని మరొకరంటారు. వీరిలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. పైకి ఒకేలా కనిపించినా స్వభావంలో వేరైన రెండు తెగల పడవల గురించి వారు మాట్లాడుతున్నారు. మొదటి తెగ పడవ నీటిని తాగి బిగుసుకుంటుంది. రెండో తెగ పడవ నీటిని చెక్క దాకా రానివ్వకుండా ఆపడం వల్ల నిలుస్తుంది. కట్టే పద్ధతిని ఎంచుకున్న రోజే ఆ తర్వాతి సంరక్షణ అంతా నిర్ణయమైపోతుంది. ఒక తెగకు చెప్పిన వైద్యం మరో తెగకు చేయడం వల్ల పాడైన పడవలు అశ్రద్ధ వల్ల పాడైన పడవల కంటే తక్కువేమీ కావని నా అభిప్రాయం.

ఈ భేదం అర్థం కావాలంటే చెక్కలో నీరు ఎక్కడ ఉంటుందో చూడాలి. నరికిన కొత్తలో చెట్టులోని నీరు రెండు చోట్ల ఉంటుంది: కణాల బోలులో, కణాల గోడల్లో. ఆరేటప్పుడు ముందు బోలులోని నీరు పోతుంది, అంతవరకు చెక్క కొలతలు మారవు. పూర్తిగా ఎండిన చెక్క బరువుతో పోల్చినప్పుడు తేమ సుమారు 28 నుంచి 30 శాతానికి దిగిన తర్వాత గోడల్లోని నీరు కూడా వదలడం మొదలవుతుంది, అప్పటి నుంచి చెక్క ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడం అన్ని వైపులా ఒకేలా ఉండదు. పొడవులో మార్పు దాదాపు ఉండదు; మాను నడిమి నుంచి బెరడు వైపుగా కొంత ఉంటుంది; వలయాల వెంబడి దానికి ఇంచుమించు రెట్టింపు ఉంటుంది. అందువల్ల 150 మిల్లీమీటర్ల వెడల్పున్న పలకను వలయాల వెంబడి వెడల్పు వచ్చేలా కోసినట్లయితే, తేమ 18 శాతం నుంచి 12 శాతానికి పడిపోయినప్పుడు, కలప జాతిని బట్టి ఆ వెడల్పులో రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా తగ్గుతుంది. ప్రతి సందులోనూ రెండు మిల్లీమీటర్లంటే నీటికి తలుపు తీసి పెట్టినట్టే.

కుళ్లు సంగతి దీనికి తోడు. చెక్కను తినే శిలీంధ్రానికి తేమ, గాలి, వెచ్చదనం మూడూ కావాలి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం అది తల ఎత్తదు. పూర్తిగా నీట మునిగిన చెక్కలో గాలి అందదు కనుక అక్కడా పెరగదు. ఉప్పు దానికి గిట్టదు కనుక సముద్రపు నీటి కంటే వాన నీరే చెక్క పడవకు ప్రమాదకరం. పూర్వం ఓడలు కట్టేవారు పక్కటెముకల మధ్య, అంటే పలకలను లోపలి నుంచి పట్టి ఉంచే వంపు కొయ్యల మధ్య, రాతి ఉప్పు దట్టించి పెట్టడానికి కారణం ఇదే. చెక్క పడవ సాధారణంగా అడుగు నుంచి కాక పైనుంచి కుళ్లుతుంది: వాన నీరు నిలిచే మూలల్లో, గాలి ఆడని పెట్టెల్లో, రంగు పగిలిన అంచుల్లో. పొడి కుళ్లు అనే పేరు ఈ విషయంలో చాలామందిని దారి తప్పించింది. పొడిగా ఉన్న చెక్క కుళ్లదు. మనం చూసే సమయానికి అది ఎండిపోయి పొడిపొడిగా రాలుతుంది, అంతే.

మొదటి తెగ పడవలు చెక్క కదలికను అంగీకరించి, దానినే బలంగా మార్చుకుంటాయి. వీటిలో రెండు ముఖ్యమైన పద్ధతులున్నాయి. ఒకదానిలో పలకల అంచులను ఒకదానికొకటి ఆనించి, సందులో నూలు దట్టించి, పైన లప్పం పెడతారు. నీటిలో పడ్డాక పలకలు ఉబ్బి ఆ నూలును నొక్కి పడతాయి, సందు మూసుకుంటుంది. రెండో పద్ధతిలో పై పలక కింది పలక అంచును కొద్దిగా కప్పుతుంది, కప్పిన చోటల్లా రాగి మేకును అవతలికి దూర్చి, చిన్న రాగి బిళ్లపై దాని కొసను సాగగొట్టి రివెట్ వేస్తారు. ఈ రెండో పద్ధతిలో సాధారణంగా పలకల డొప్ప ముందు తయారవుతుంది, పక్కటెముకలను తర్వాత ఆవిరికి మెత్తబరిచి లోపల వంచి అమర్చుతారు. ఆవిరి పెట్టెలో అంగుళం మందానికి సుమారు గంట చొప్పున ఉంచాలన్నది వాడుకలో ఉన్న లెక్క. బయటికి తీసిన తర్వాత చేతిలో ఉండే సమయం నిమిషం కంటే మించదు. బట్టీలో ఎండబెట్టిన కలప ఈ పనికి మొండికేస్తుంది. గాలికి ఆరినది, కొంత పచ్చిదనం మిగిలినది బాగా వంగుతుంది.

హిందూ మహాసముద్ర తీరాల్లో ఇంకా పాత మార్గం ఒకటి ఉండేది: పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టడం. మేకులతో గట్టిగా బిగించిన పడవ అల దెబ్బకు పగిలే చోట కుట్టిన పడవ కొంచెం ఒదిగి తట్టుకుంటుంది. ఈ కుట్టు ఆలోచన రెండో తెగలో రాగి తీగ రూపంలో మళ్లీ ఎదురవుతుంది, కాకపోతే అక్కడ దాని పని పూర్తిగా వేరు.

పలకల పడవను ఇంటి దగ్గర కట్టడం అసాధ్యం కాదు. జాషువా స్లోకమ్ 1890ల తొలినాళ్లలో అమెరికాలోని ఫెయిర్‌హేవెన్‌లో, పొలంలో పడి ఉన్న స్ప్రే అనే శిథిల పడవను పక్కటెముకలతో సహా కొత్త కలపతో తిరిగి కట్టాడు. తన లెక్క ప్రకారమే దానికి 13 నెలలు, 553 డాలర్ల 62 సెంట్లు పట్టాయి. 1895లో బయలుదేరి 1898లో తిరిగి వచ్చేలోపు అదే పడవలో ఒంటరిగా భూమిని చుట్టాడు. అయితే అతను జీవితమంతా ఓడల మీద గడిపిన నావికుడు. కొత్తగా మొదలుపెట్టేవారికి పలకల పడవలో కష్టం కోతలో కంటే ఆకృతిలో ఉంటుంది. కాగితం మీది చిన్న గీతలను నేల మీద అసలు కొలతకు పెంచి గీయాలి, సన్నని కొయ్య బద్దను వంచి ఆ గీతలు ఎక్కడా విరగకుండా సాఫీగా ఉన్నాయా అని చూడాలి. తర్వాత ప్రతి పలక అంచునూ పొడవునా మారుతూ పోయే వాలుకు చిత్రిక పట్టాలి. ఒక వాలు తప్పితే ఆ తప్పు తర్వాతి పలకకూ పాకుతుంది.

రెండో తెగ ప్లైవుడ్‌తో, నీటికి ఊడని జిగురుతో పుట్టింది. పొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికించడం వల్ల ప్లైవుడ్ వెడల్పులో కదలిక చాలా స్వల్పం, కాబట్టి దాని సందులను శాశ్వతంగా అతికించవచ్చు. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం గీసిన ఆప్టిమిస్ట్ పడవను ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల రెండు ప్లైవుడ్ షీట్లలో ఇమిడేలా రూపొందించారు. పడవ పొడవు ఎనిమిదడుగులు దాటకపోవడానికి కారణం అదే. 1960ల ఆరంభంలో బ్రిటన్‌లో జాక్ హోల్ట్, బ్యారీ బక్‌నెల్ కలిసి రూపొందించగా డైలీ మిర్రర్ పత్రిక ప్రచారంలోకి తెచ్చిన మిర్రర్ పడవ మరో అడుగు ముందుకు వేసింది. ప్లైవుడ్ ముక్కలను రాగి తీగతో అంచులకు కుట్టి, లోపలా బయటా గాజు గుడ్డ (గాజు పోగులతో నేసిన గుడ్డ) పట్టీని రెసిన్ అనే గట్టిపడే ద్రవంతో అతికించారు. లోపల ముందుగా కట్టాల్సిన అస్థిపంజరం అవసరం లేకుండా పోయింది, ముక్కల ఆకారమే పడవ ఆకారాన్ని నిర్ణయించింది. అలాంటి పడవలు 70,000కు పైగా తయారయ్యాయి. అమెరికాలోని మిషిగన్‌లో గూజన్ సోదరులు 1970ల నాటికి ఎపాక్సీని జిగురుగానే కాక చెక్క మొత్తానికి తొడుగుగా వాడే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాక రెండో తెగ లక్షణం పూర్తయింది.

ఈ పద్ధతిలో తీగ కుట్టుకు బలంతో సంబంధం లేదు. అది జిగురు గట్టిపడేదాకా ముక్కలను పట్టి ఉంచే మూడో చెయ్యి మాత్రమే. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో అంచు నుంచి సుమారు పది మిల్లీమీటర్ల దూరంలో, జానెడు కంటే తక్కువ ఎడంతో రంధ్రాలు వేసి, తీగను వదులుగా మెలిపెట్టి, డొప్ప రూపం వచ్చాక కొద్దికొద్దిగా బిగిస్తారు. ఇక్కడ తొందరపడకూడదు. ఎపాక్సీ వేయకముందు ముందు కొస నుంచి వెనుక అడ్డపలక రెండు మూలలకూ కొలత ఒకటే ఉందో లేదో చూడాలి. పడవకు అడ్డంగా ముందొక బద్ద, వెనుకొక బద్ద పెట్టి, ఒక కన్ను మూసి చూసినప్పుడు రెండూ సమాంతరంగా కనిపించాలి. కుట్టు దశలో డొప్ప మెలితిరిగి ఉంటే రెండు వేళ్లతో సరిచేయవచ్చు, జిగురు గట్టిపడ్డాక ఆ మెలిక పడవ ఉన్నన్నాళ్లూ ఉంటుంది, అలాంటి పడవ ఒక వైపుకు ఒకలా, మరో వైపుకు ఇంకోలా నడుస్తుంది.

పడవ పొడవు షీటు కంటే ఎక్కువైతే రెండు షీట్లను కలపాలి. దానికి అంచులను మందానికి ఎనిమిది రెట్లు పొడవున్న వాలుగా చిత్రిక పట్టి ఒకదానిపై ఒకటి అతికిస్తారు. ఆరు మిల్లీమీటర్ల షీటుకు 48 మిల్లీమీటర్ల వాలు. ఈ నిష్పత్తి వెనుక ఒక కారణముంది. చెక్క పోగు కొసలు జిగురును సరిగా పట్టవు, పోగు పక్కలు గట్టిగా పడతాయి. వాలు ఎంత పొడవైతే అంత పక్క దొరుకుతుంది. తెరచాప కొయ్యకు ఇంకా ఎక్కువ, పన్నెండు రెట్ల వాలు వాడతారు.

ప్లైవుడ్ కొనేటప్పుడు పొదుపు పనికిరాదని గట్టిగా చెబుతాను. పడవల ప్లైవుడ్‌కు బ్రిటన్‌లో బీఎస్ 1088, మన దేశంలో ఐఎస్ 710 అనే ప్రమాణాలున్నాయి. మామూలు ప్లైవుడ్‌లో లోపలి పొరల్లో పైకి కనిపించని ఖాళీలుంటాయి. వంచినప్పుడు అక్కడే విరుగుతుంది, ఏదో ఒక అంచు నుంచి చేరిన నీరు ఆ ఖాళీ వెంట సొరంగంలో పాకినట్టు పాకుతుంది. అయితే మంచి ప్లైవుడ్ అంటే కుళ్లని ప్లైవుడ్ అని అర్థం కాదు. మేలైన పడవల షీట్లకు విరివిగా వాడే ఓకూమె కలప తేలికైనదే గాని, తేమ తగిలితే త్వరగా కుళ్లుతుంది. ఊడనిది జిగురు మాత్రమే.

ఎపాక్సీ విషయంలో ఇంటి పనివారు చేసే పొరపాట్లు ఎక్కువగా అది రంగులాంటిదనో, పాలియెస్టర్ రెసిన్ లాంటిదనో అనుకోవడం వల్ల వస్తాయి. పాలియెస్టర్‌లో కలిపే ద్రవం చర్యను మొదలుపెట్టేది మాత్రమే, కొంత ఎక్కువైనా తక్కువైనా గట్టిపడే వేగమే మారుతుంది. ఎపాక్సీలో రెండో ద్రవం చర్యలో సమాన భాగస్వామి. చెప్పిన నిష్పత్తిని దాటి కలిపితే త్వరగా గట్టిపడదు సరికదా, మిగిలిపోయిన భాగం ఎప్పటికీ మెత్తగా ఉండిపోతుంది. కలిపిన ఎపాక్సీని లోతైన గిన్నెలో ఉంచితే తన వేడికి తానే పొగలు కక్కుతుంది, వెడల్పాటి పళ్లెంలో పరిస్తే నిదానంగా ఉంటుంది. మొదటి పూతను ఉదయం కాక, వేడి తగ్గే సాయంత్రం వేయాలి. చెక్క వేడెక్కుతున్నప్పుడు లోపలి గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేపుతుంది, చల్లబడుతున్నప్పుడు పూతను లోపలికి లాక్కుంటుంది. కొన్ని రకాలు గట్టిపడ్డాక పైన మైనం లాంటి పలుచని జిడ్డు తేలుతుంది. దాన్ని నీటితో కడిగిన తర్వాతే గరుకు కాగితం పట్టాలి, లేకపోతే తర్వాతి పూత పట్టదు. చర్మానికి పదే పదే తగిలితే ఒంటికి పడకపోవడం మొదలవుతుంది, అలా ఒకసారి పడకుండా పోయినవారు ఆ తర్వాత ఈ పని చేయలేకపోవచ్చు. చేతి తొడుగులు మొదటి రోజు నుంచే ఉండాలి.

తెడ్డు పడవకు లేని భారాలు తెరచాప పడవకు ఉంటాయి. గాలి పడవను పక్కకు నెడుతుంది. ఆ నెట్టుడును అడ్డుకోవడానికి నడిమి నుంచి నీటిలోకి దించే పలక కావాలి. ఆ పలక తొట్టె, అంటే పడవ అడుగున కోసిన చీలిక చుట్టూ నిలబెట్టిన పెట్టె, చిన్న పడవల్లో అన్నిటికంటే ఎక్కువగా కారే చోటు. దాని గోడలను అమర్చాక లోపలి వైపుకు కుంచె వెళ్లదు. అందుకే బిగించడానికి ముందే లోపలి ముఖాలకు గాజు గుడ్డ, ఎపాక్సీ పూర్తి చేయాలి. దీన్ని వాయిదా వేసినవారికి రెండో అవకాశం పడవను కోస్తే గాని దొరకదు. తెరచాప కొయ్య పాదం కూర్చునే గుంట ఇంకో బలహీన స్థలం: అక్కడ పోగు కొసలు నేరుగా నిలిచిన నీటిలో నానుతుంటాయి కనుక గుంటకు నీరు జారే దారి తప్పనిసరి. తెరచాపపై గాలి పనిచేసే కేంద్రానికి, నీటిలో పక్క నిరోధం పనిచేసే కేంద్రానికి మధ్య దూరాన్ని రూపకర్త లెక్కగట్టి ఉంచుతాడు. కొయ్యను అరడుగు వెనక్కి జరిపితే కూర్చోవడానికి చోటు దొరకవచ్చు గాని, పడవ ఎప్పుడూ గాలి వైపుకే ముక్కు తిప్పుతూ చుక్కానితో పోట్లాడుతుంది. మొదటి పడవలో ప్లానును మార్చకుండా కట్టడమే మంచిది.

నీటిపై తేలే విషయంలో లెక్క సులభం. నూరు లీటర్ల గాలి సుమారు నూరు కిలోల బరువును తేలుస్తుంది. మూసిన గాలి పెట్టెలు ఎంత పెద్దవో చూసుకుని, మొదటి రోజే లోతు తక్కువ నీటిలో పడవను కావాలని బోర్లించి, తిరిగి లేపి, నీళ్లు తోడి చూడాలి.

ఇక లోహాలు. ఇత్తడి స్క్రూలు నీటిలో క్రమంగా తమలోని జింకును కోల్పోయి గులాబి రంగుకు తిరిగి, సుద్దలా విరుగుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదని అందరి నమ్మకం, కానీ దాన్ని కాపాడే పలుచని పొరకు గాలి కావాలి. తడి చెక్కలో గాలి అందకుండా బిగుసుకున్న చోట స్క్రూ తల మెరుపు చెడకుండానే దాని మెడ లోపల తినివేయబడుతుంది. ఓక్ కలపలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుమును నల్లగా కరిగిస్తుంది. పలకల పడవలకు రాగి, సిలికాన్ కంచు నమ్మకమైనవి. రెండో తెగలో బోల్టు వేసే చోట రంధ్రాన్ని అవసరం కంటే పెద్దగా తొలిచి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక అందులో మళ్లీ రంధ్రం వేయాలి. అప్పుడు బోల్టు చెక్కను తాకకుండా ఎపాక్సీ గొట్టం గుండా వెళుతుంది. ఈ చిన్న పని చేయకుండా వదిలేసిన ప్రతి రంధ్రమూ రెండో తెగ పడవకు కుళ్లు దారి.

రెండు తెగలను కలగలిపే పొరపాట్లలో చాలా బాధ కలిగించేది పాత పలకల పడవకు గాజు గుడ్డ, రెసిన్ తొడిగించడం. కారుతున్న ముసలి పడవకు ఇది శాశ్వత పరిష్కారంలా కనిపిస్తుంది. కానీ లోపల పలకలు తేమకు కదులుతూనే ఉంటాయి. తొడుగు ఏదో ఒక సందు వెంట చిట్లుతుంది, చిట్లిన చోట చేరిన నీరు బయటికి రాలేక గాలి సరిగా ఆడని ఉమ్మలో చెక్కను కుళ్లబెడుతుంది. పైకి నున్నగా మెరుస్తున్న పడవ లోపల మెత్తటి గుజ్జుగా మారుతుంది. ఎండలో ఆరి సందులు విచ్చుకున్న పలకల పడవకు వేసవిలో గట్టి లప్పం కూరడం కూడా ఇలాంటిదే. నీటిలో పడ్డాక ఉబ్బిన పలకలకు చోటు దొరకక పక్కటెముకలు విరుగుతాయి. అతికించిన ప్లైవుడ్ పట్టీలతో ఒకదానిపై ఒకటి కప్పేలా కట్టిన పడవ మరో చిక్కు: అది చూపుకు మొదటి తెగ, స్వభావానికి రెండో తెగ. దాన్ని నానబెట్టడం అంటే దాని రోగాన్ని మనమే తెచ్చిపెట్టడం. పాత పడవ కొనేవారు రంగు, పేరు, వయసు కంటే ముందు ఈ పడవ ఏ తెగదని అడగాలి.

సంరక్షణలో మొదటి తెగకు కావలసింది నిలకడైన తేమ. ఎండా గాలీ నేరుగా తగలని నీడ, వీలైతే మట్టి నేల, అప్పుడప్పుడు లోపల కొంచెం ఉప్పు నీరు చల్లడం, గాలి ఆడే పైకప్పు. దీనికి మందమైన, గాలి చొరబడని పూతల కంటే ఊపిరి పీల్చనిచ్చే నూనె రంగులే నప్పుతాయి. రెండో తెగకు కావలసింది పొడిదనం, చెదరని తొడుగు. ఎపాక్సీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పొడిబారి రాలుతుంది కనుక దానిపై రంగో, కిరణాలను ఆపే వార్నిషో తప్పనిసరి. ముదురు రంగు వేసిన పై భాగం ఎండకు బాగా వేడెక్కుతుంది. ఇంట్లో వాడే చాలా ఎపాక్సీలు 60 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడతాయి, అందుకే లేత రంగులు మేలు. ఒడ్డున ఉన్నప్పుడు గాలి పెట్టెల మూతలు తెరిచి ఉంచాలి. మూసి ఉంచితే లోపలి చెమ్మ ఉమ్మగిల్లి కుళ్లుకు మంచి గది అవుతుంది. రాయి గీరిన చోటును సీజన్ చివరిదాకా వదలకుండా, ఆరిన వెంటనే ఎపాక్సీతో మూయాలి.

వార్నిష్ రెండు తెగలకూ ఉమ్మడి శ్రమ. కొత్త చెక్కకు ఆరు పూతలకు తక్కువ కాకుండా వేసి, ఏటా పై పొరను తేలికగా గరుకు చేసి ఒకటి రెండు పూతలు చేర్చితే అది ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఒక్క ఏడాది మానేస్తే ఎండ వార్నిష్‌ను దాటి చెక్క పై పొరను కొరుకుతుంది, చెక్క బూడిద రంగుకు తిరుగుతుంది, అప్పుడు మొత్తం గీకి మొదటి నుంచి వేయాల్సి వస్తుంది. అందుకే వార్నిష్‌ను కొద్ది చోట్లకే పరిమితం చేసి మిగతా అంతా రంగు వేయడం నాకు సబబుగా తోస్తుంది.

ఏటా ఒకసారి సన్నని ఆరెతో, అంటే చెప్పులు కుట్టేవారు వాడే మొనదేలిన పనిముట్టుతో, తనిఖీ చేయాలి. ముందు కొస లోపలి మూల, వెనుక అడ్డపలక కింది అంచు, కొయ్య పాదం, తొట్టె అడుగు, ప్రతి బోల్టు చుట్టూ మెల్లగా గుచ్చి చూడాలి. గట్టి చెక్క ఆరెను వెనక్కి నెడుతుంది, కుళ్లిన చెక్క మౌనంగా లోపలికి తీసుకుంటుంది. చెక్క మెత్తబడిన చోట పలుచని ఎపాక్సీని తాగించి గట్టిపరచడం తేలికే గాని, తెగిపోయిన పోగుల బలం దానితో తిరిగి రాదు. భారం మోసే చోట గట్టి చెక్క తగిలేదాకా, ఆపైన మరికొంత కోసి తీసివేసి, వాలు అతుకుతో కొత్త ముక్క పెట్టాలి. అంతకుముందు ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవాలి, లేకపోతే కొత్త ముక్కకూ అదే గతి.

శీతకాలమంతా ఒడ్డున ఉన్న పడవ మళ్లీ నీటిలో దిగిన రోజు రెండు తెగల తేడా కళ్ల ముందు కనిపిస్తుంది. పలకల పడవ మొదటి గంటల్లో ధారలుగా కారవచ్చు. తోడుతూ ఓపిక పట్టాలి. గంట గంటకూ తోడే నీరు తగ్గుతూ రెండు మూడు రోజుల్లో సందులు మూసుకుంటే పడవ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఆ తర్వాత కూడా నీరు తగ్గకపోతేనే వెతకాలి. ప్లైవుడ్, ఎపాక్సీ పడవలో అడుగున చెంచాడు నీరు కనిపించినా ఆ రోజే ఒడ్డుకు లాగి, తుడిచి ఆరబెట్టి, చెమ్మ ఎక్కడ మళ్లీ ఊరుతుందో దీపం పెట్టి చూడాలి. ముందుగా చూడవలసింది తొట్టె అడుగు.